చేతి పాఠం

పులివెందుల,
జనవరి 9.

నతానియేలు మామకు జెస్సికా వందనాలు.

నీకు ఫోను చేస్తే వినపడదు. అమ్మకు చేస్తే నా గొంతును బట్టి కనిపెట్టేస్తుంది. అందుకే కాగితం తీసుకున్నాను. అమ్మకంటే ముందు నీకు చెబుతున్నాను మామా. నేను ఫస్టియర్ తప్పాను.

అన్నిట్లో కాదు, అనాటమీ ఒక్కటే. మొదటి పరీక్షలో ఏడు మార్కులు తగ్గాయి. సప్లిమెంటరీ రాసుకుంటాలే అని ఎవరికీ చెప్పలేదు. మొన్న ఆ ఫలితం కూడా వచ్చింది. ఐదు తగ్గాయి. డాక్టరు చదువులో ఫస్టియర్ సబ్జెక్టులన్నీ గట్టెక్కితేనే రెండో ఏడాది క్లాసులో కూర్చోనిస్తారు. లేదంటే వెనక్కి పోయి, కొత్తగా చేరిన జూనియర్లతో కలిసి మళ్ళీ చదవాలి.

మా కాలేజీలో ఇట్లా మిగిలినవాళ్ళం పదకొండు మందిమి. అందరం ఆఖరి విడత కౌన్సెలింగులో చేరినవాళ్ళమే. మేము వచ్చేసరికి క్లాసులు మొదలై రెండు నెలలు దాటింది. అనాటమీలో శవాన్ని కోసి నేర్పే పాఠం చేతితో మొదలవుతుంది. మేము చేరిన రోజుకు చెయ్యి అయిపోయి కాలు పట్టుకున్నారు. ఆ చేతిని మాకు మళ్ళీ ఎవరూ చూపలేదు. పుస్తకంలో చదువుకోండి అన్నారు. రెండుసార్లూ నాకు మార్కులు పోయింది ఎక్కువగా అక్కడే.

మా క్లాసు అవినాష్ వాళ్ళ నాయన ఆదినారాయణ రెడ్డి గారిది సింహాద్రిపురం. పెద్ద రైతు. ఆయన పదకొండు మందినీ పిలిపించి హైకోర్టులో రిట్ వేద్దామన్నారు. "మీకు పాఠం ఎగ్గొట్టినోళ్ళు వాళ్ళు, సమ్మచ్చరం పోగొట్టుకునేది మీరా? పిల్లోళ్ళను సెకండియర్‌కు ఎక్కించమని అడుగుదాం. కోర్టు ఎట్ల ఇయ్యదో నేను చూస్తా" అన్నారు. పది మంది సంతకాలు పెట్టారు. నా పేరు దగ్గర ఖాళీగా ఉంది. నెలాఖరు లోపల తేల్చమన్నారు.

అమ్మ జమ్మలమడుగు ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్ళుగా నర్సు. ఆనందమ్మ కూతురు డాక్టరవుతోందని ఊళ్ళో తెలియని గడప లేదు. నన్ను ఏమి చేయమంటావు?

నీ మేనకోడలు,
జెస్సీ


ప్రొద్దుటూరు,
జనవరి 17.

జెస్సీకి మామ దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అమ్మ నన్ను కూడా వాట్సాపు నేర్చుకోమంటుంది. ఆ చిన్న అద్దం మీద నేను ఒక అక్షరం నొక్కితే ఇంకొకటి పడుతుంది. కాబట్టి నాదీ కాగితమే.

తప్పినందుకు నిన్ను ఏమీ అనను. కలమల్ల దగ్గర థర్మల్ కరెంటు కేంద్రంలో ముప్పై ఒక్క ఏళ్ళు టర్బైన్ల పక్కన పనిచేసి ఈ చెవులు పోగొట్టుకున్నాను కదా. చేరిన కొత్తల్లో, కంట్రోలు రూములోకి రానిచ్చే ముందు మా ఇంజనీరు ఒక పరీక్ష పెట్టేవాడు. ఆవిరి గొట్టం ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో నాలుగు అంతస్తులూ ఎక్కి దిగి చూపించాలి. నేను మూడో అంతస్తులో దారి తప్పాను. ఇంకో నాలుగు నెలలు కిందనే ఉండి నూనె తుడిచాను. ఈ సంగతి మీ అమ్మకు కూడా తెలియదు.

కోర్టుకు పోవడం తప్పు కాదు. చెప్పాల్సిన పాఠం చెప్పకపోతే అడగాల్సిందే. మన పెద్దలకు బడిలో కూర్చునే చోటు కూడా ఊరికే రాలేదు, అడిగితేనే వచ్చింది. కానీ అడిగేటప్పుడు ఏమి అడుగుతున్నామో మనకు తెలిసి ఉండాలి. రెడ్డి గారు అడుగుతున్నది సంవత్సరం. నీకు పోయింది చేతి పాఠం. రెండూ ఒకటేనా అని కూర్చొని ఆలోచించు. సంతకం పెట్టినా నీ వెనక ఉంటాను, పెట్టకపోయినా ఉంటాను.

అమ్మకు మాత్రం చెప్పు. ఆమె నా చెల్లెలు. ఆమె దగ్గర నా చేత దాపరికం చేయించవద్దు.

మామ


పులివెందుల,
ఫిబ్రవరి 20.

మామకు వందనాలు.

సంతకం పెట్టాను. నీ ఉత్తరం చదివిన తర్వాతే పెట్టాను, అది దాచను. పది మంది ఒక పక్క ఉంటే నేనొక్కదాన్నే ఇంకో పక్క నిలబడలేకపోయాను.

పోయిన గురువారం మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. కేసు తేలేవరకు మమ్మల్ని సెకండియర్ క్లాసుల్లో కూర్చోనివ్వాలని మొదటి వాక్యం. చివరి తీర్పు ఎట్లా ఉంటే అట్లా నడుచుకోవాలని రెండో వాక్యం. రెండోది మాలో ఎవరూ గట్టిగా చదవలేదు. ఆదినారాయణ రెడ్డి గారు తమ తోట నుంచి హాస్టలుకు మూడు బస్తాల చీనీకాయలు పంపించారు, అందరూ రసం పిండుకొని తాగారు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే వార్డుకు పోతున్నాను. మెడలో స్టెతస్కోపు చూసి వరండాలో ముసలివాళ్ళు లేచి దారి ఇస్తున్నారు. "డాక్టరమ్మ వస్తాంది, జరగండప్పా" అంటున్నారు. బాగుంది మామా. ఇంత బాగుండవచ్చా అని భయమేసేంత బాగుంది.

సెకండియర్‌కు వచ్చానని అమ్మకు ఫోనులో చెప్పాను. ఎట్లా వచ్చానో చెప్పలేదు. తీర్పు కూడా మాకే వస్తుందని వకీలు గారు అంటున్నారు. వచ్చిందంటే ఇక చెప్పాల్సిందంటూ ఏమీ ఉండదు. కోప్పడకు.

జెస్సీ


ప్రొద్దుటూరు,
మార్చి 3.

జెస్సీకి,

నిన్న ఆదివారం జమ్మలమడుగు పోయి మీ అమ్మతో కలిసి గుడికి వెళ్ళాను. పాటలు అయిన తర్వాత ఆమె దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పడానికి లేచింది. నాకు మాటలు వినపడవు, ముఖం కనపడుతుంది. మీ నాయన పోయిన ఈ పన్నెండేళ్ళలో ఆమె ముఖం అట్లా వెలగడం నేను చూడలేదు. పక్కన కూర్చున్న మీ సంఘం కుర్రాడు జీవన్ కుమార్ నా కోసం చీటీ మీద రాసి చూపించాడు. "మా పాప ఫస్టియర్ పాసయి పైకి పోయింది, అందుకు దేవునికి స్తోత్రం అంటాంది మామా" అని.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. చప్పుడు వినపడకపోయినా అరచేతులు మండేది తెలుస్తుంది కదా.

పాసయ్యానని నువ్వు అని ఉండవు, నాకు తెలుసు. ఆమె ఇంకోలా అనుకునేందుకు మాత్రం నువ్వు సందు ఉంచలేదు. ఇప్పుడు ఆమె నీ మాట మీద సంఘం ముందర నిలబడింది.

నేను చెప్పను. నువ్వే చెప్పాలి. చెప్పేదాకా నాకు ఉత్తరం రాయవద్దు.

మామ


పులివెందుల,
మార్చి 25.

మామకు వందనాలు.

రాయవద్దన్నావు. ఇప్పుడు రాయవచ్చు. అమ్మకు చెప్పాను.

నీ ఉత్తరం వచ్చిన రోజునే పోయి ఉంటే ఈ కాగితం మీద ఇంకొంచెం తల ఎత్తుకొని రాసేదాన్ని. రెండు వారాలు నాన్చాను. చివరికి నన్ను కదిలించింది ఎముకల వార్డులో ఉన్న బీబీజాన్.

ఆమెకు యాభై ఏళ్ళుంటాయి. చీనీతోటలో కాయలు కోస్తూ నిచ్చెన మీద నుంచి పడితే కుడి దండచెయ్యి విరిగింది. ఎముకకు కట్టు వేశారు గానీ మణికట్టు వాలిపోయింది. అరచెయ్యి పైకి లేపమంటే లేవదు. ఎముకల డాక్టరు షఫీ సార్ మమ్మల్ని మంచం చుట్టూ నిలబెట్టి నన్ను అడిగారు. "ఏ నరం దెబ్బతినింది? ఎముక మింద యాడ పోతాదో వేలు పెట్టి చూపించు."

నా వేలు ఆమె భుజం నుంచి మోచేయి దాకా పోయింది. ఎక్కడ ఆగాలో దానికి తెలియలేదు.

"ఫస్టియర్లో కోసి చూసినారు గదమ్మా?"

"మేము చూడలేదు సార్."

"చూడకుండానే ఈడికెట్ల వచ్చినావు?"

ఆయన ఎగతాళిగా అడగలేదు, తెలియకనే అడిగారు. నా దగ్గర కోర్టు ఉత్తర్వు తప్ప వేరే జవాబు లేదు. అప్పుడు బీబీజానే నన్ను ఆదుకుంది. "పోనీలే పాపా, నేర్చుకోని రా. నేను యాడికీ పోను, నా చెయ్యి గూడా యాడికీ పోదు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అదే రోజు మధ్యాహ్నం అనాటమీ మేడం దగ్గరకు పోయి, చేతి పాఠం ఒక్కసారి చూపించమని అడిగాను. ఆమె రిజిస్టరు తీసి చూపించారు. "నువ్వు కోర్టు చెప్పినట్ల సెకండియర్ విద్యార్థివి. ఫస్టియర్ హాల్లో నిన్ను ఎట్ల నిలబెట్టుకునేది? రేపు ఎవరన్నా అడిగితే నేనేం చెప్పాల?" అన్నారు. చూశావా మామా. నాకు ఏ పాఠం కావాలో ఆ గది తలుపు, నేను తెచ్చుకున్న ఉత్తర్వే మూసింది.

షఫీ సారే సాయంత్రం తన గదిలో ఎముక ఒకటి చేతికిచ్చి, నరం దాని వెనక నుంచి ఎట్లా చుట్టుకొని పోతుందో దారం కట్టి చూపించారు. మరుసటి రోజు బీబీజాన్ చేతి మీద ఆ చోటు చూపించాను. నరం తెగలేదు, నలిగింది, నెలలు పట్టినా కోలుకుంటుందని సార్ చెప్పమంటే ఆమెకు నేనే చెప్పాను. అది ఆ వార్డులో నేను తెలిసి చెప్పిన మొదటి మాట.

శనివారం బస్సెక్కి జమ్మలమడుగు పోయాను. అమ్మ డ్యూటీకి తయారవుతోంది. గడప దగ్గర నిలబడే అంతా చెప్పేశాను. ఆమె జడకు పిన్ను పెట్టుకుంటూ విన్నది. ఒకటే అడిగింది.

"మీ మామకు తెలుసునా?"

"తెలుసమ్మా. నేనే చెప్పాలన్నాడు."

"అందుకే ఆ పొద్దు చప్పట్లు అందరికంటే ఆలస్యంగా కొట్నాడు" అని, సంచీ తీసుకొని డ్యూటీకి వెళ్ళిపోయింది. సాయంత్రం వచ్చి అన్నం పెట్టింది. ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. ఆమె మనసులో ఏముందో నాకు తెలియడం లేదు.

కేసు నుంచి బయటికి రావాలని ఉంది. కానీ మాకు పాఠం చెప్పకపోవడం నిజమే కదా, అది వదిలేయాలని లేదు. దారి ఏమైనా ఉందేమో కనుక్కో మామా.

జెస్సీ


ప్రొద్దుటూరు,
ఏప్రిల్ 7.

మా జెస్సీకి మామ దీవెనలు.

మీ అమ్మ మనసులో ఏముందో నిన్న తెలిసింది. ఆమె మళ్ళీ సాక్ష్యానికి లేచింది. నేను ముందు జాగ్రత్తగా జీవన్‌ను పక్కన కూర్చోబెట్టుకున్నాను. వాడు ఒక్క మాట విడవకుండా రాశాడు. అట్లాగే నీకు రాస్తున్నాను.

"పోయిన నెల నా కూతురు పాసయిందని ఈడ నిలబడి చెప్తిని. అది నిజం కాదు. పాప తప్పింది. తప్పినానని ఎవురో చెప్పకముందే ఇంటికొచ్చి నా మొగం చూసి చెప్పింది. ఆ పొద్దు చెప్పిన స్తోత్రం వెనక్కి తీసుకోను. దీనికి ఇంగోసారి చెప్తాండా."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరుసలో ఉన్న పాస్టరు గారి భార్య లేచి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. నా చెల్లెలు నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది. గుడి నుంచి బయటికి వచ్చేటప్పుడు నేను ఆమె వెనక నడిచాను. అట్లా నడవాలనిపించింది.

ఇక నువ్వు అడిగిన దారి. ఇక్కడ లహరి అని ఒక వకీలు ఉంది. చిన్న వయసు, హైకోర్టుకు కూడా పోయి వస్తుంటుంది. నీ ఉత్తరాలు చూపించాను. ఆమె ఓపికగా నాకు రాసి చెప్పింది. నువ్వు కేసు వదులుకోనవసరం లేదట. ఇదే కేసులో నీకు విడిగా వకీలును పెట్టుకొని, నీ కోరిక మార్చుకొని అఫిడవిట్ వేయవచ్చట. పైతరగతి వద్దు, చెప్పని పాఠం చెప్పించి తర్వాతి పరీక్షకు కూర్చోనివ్వండి అని అడగవచ్చట.

చివర ఆమె ఇంకో మాట రాసి దాని కింద గీత గీసింది. "ఇట్లా అడిగితే సంవత్సరం పోవడం ఖాయమని ఆ అమ్మాయికి ముందే చెప్పండి." చెబుతున్నాను. పది మందికీ తీర్పు అనుకూలంగా వస్తే వాళ్ళు ముందుకు పోతారు, నువ్వొక్కదానివే వెనక మిగులుతావు. బాగా చూసుకో.

మామ


పులివెందుల,
జూన్ 30.

మామకు, పక్కనే ఉంటే అమ్మకు కూడా, వందనాలు.

ఏప్రిల్‌లోనే లహరి గారి దగ్గర అఫిడవిట్ మీద సంతకం పెట్టానని నీకు తెలుసు. ఆ తర్వాత జరిగింది నువ్వు కంగారు పడతావని రాయలేదు. తీర్పు వచ్చింది కాబట్టి ఇప్పుడు అంతా రాస్తాను.

అఫిడవిట్ సంగతి తెలిసి ఆదినారాయణ రెడ్డి గారు కాలేజీకి వచ్చారు. వెంట అవినాష్ ఉన్నాడు, తల వంచుకొని. క్యాంటీనులో నన్ను ఎదురుగా కూర్చోబెట్టారు.

"పదకొండు మంది ఒగ మాట మింద ఉంటేనే కేసుకు బలం పాపా. నువ్వు పక్కకు పోయి 'మాకు రాదు' అని రాసిచ్చినావు. రేపు జడ్జి అదే పట్టుకుంటాడు. మావోని బతుకు మన్ను చేస్తాండావని నీకు తెలుస్తాందా?"

"నాకు రాదనే రాసినాను సార్. అవినాష్ గురించి ఏం రాయలేదు."

"ఏంరా, నీకు వచ్చునా?" అని ఆయన కొడుకును అడిగారు. అవినాష్ గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాడు. రెడ్డి గారు లేచిపోయారు. ఆ తర్వాత రెండు నెలలు హాస్టల్లో నాతో పలికినవాళ్ళు తక్కువ. నా మెస్సు బల్ల మీద నేనొక్కదాన్నే తిన్నాను. వార్డుకు పోవడం నేనే మానుకున్నాను. షఫీ సార్ దగ్గరకు మాత్రం సాయంత్రాలు పోయేదాన్ని. ఒకరోజు బీబీజాన్ పరీక్ష చేయించుకోవడానికి వచ్చి, బొటనవేలు కొంచెం కదిలించి చూపించి పోయింది.

ఇరవై ఆరున అమరావతిలో విచారణ. లహరి గారు నన్ను వెనక వరుసలో కూర్చోబెట్టారు. రెడ్డి గారి వకీలు గట్టిగానే వాదించారు. పిల్లలు నాలుగు నెలలకు పైగా సెకండియర్ చదువుతున్నారు, ఇప్పుడు వెనక్కి నెట్టడం అన్యాయం అన్నారు. జడ్జి గారు కాగితాలు తిప్పుతూ నా అఫిడవిట్ దగ్గర ఆగారు.

"ఇది ఇచ్చిన విద్యార్థిని వచ్చిందా?"

లేచి నిలబడ్డాను. ఆయన తెలుగులోనే అడిగారు.

"అందరూ పైకి పంపమంటున్నారు. నీకేం కావాలమ్మా?"

"మాకు చేతి పాఠం చెప్పలేదు సార్. అది చెప్పించండి. పరీక్ష నేను రాసుకుంటా."

ఆయన నా అఫిడవిట్ పక్కన ఏదో రాసుకొని, కూర్చోమన్నారు.

మధ్యాహ్నం తీర్పు చదివారు. తప్పినవాళ్ళను పైతరగతికి ఎక్కించమని ఏ కోర్టూ చెప్పకూడదు, రేపు వాళ్ళ చేతికింద పడుకునే రోగి ఈ కోర్టులో లేడు కాబట్టి అతని తరఫున కోర్టే ఆలోచించాలి అన్నారు. మధ్యంతర ఉత్తర్వు రద్దయింది. కాలేజీని కూడా వదల్లేదు. ఆలస్యంగా చేరినవాళ్ళకు పోయిన పాఠాలన్నీ మళ్ళీ చెప్పాలి, శవం మీద చూపించాలి, జూనియర్లతో పాటు పరీక్షకు కూర్చోనివ్వాలి, హాజరు పేరుతో ఎవరినీ ఆపకూడదు అన్నారు. అది నా ఒక్కదానికి కాదు, పదకొండు మందికీ.

వరండాలోకి వచ్చాక రెడ్డి గారు, "అప్పీలుకు పోదాం" అన్నారు. ఆరుగురు తలలూపారు. అవినాష్ కదల్లేదు.

"నేను రాను నాయనా. నేను పోయి జూనియర్లతో కూచ్చుంటా. నాకు గూడా రాదు. ఆ పొద్దు నువ్వు అడిగినప్పుడు చెప్పలేకపోతి."

ఆయన కొడుకు వైపు చూశారు. కండువా భుజం మీద సర్దుకొని కారు వైపు నడిచారు. పది అడుగులు పోయి వెనక్కి తిరిగారు.

"ఆ పాపను గూడా ఎక్కించుకోరా. ఈ ఎండలో బస్సు కోసరం యాడ నిలబడుతుంది."

పులివెందుల దాకా రెడ్డి గారు ముందు సీట్లో, మేమిద్దరం వెనక కూర్చున్నాం. అయినా ఆ ప్రయాణం నాకు కష్టంగా అనిపించలేదు మామా. సంవత్సరం పోయింది. పోయిందని తెలిసే అడిగాను.

ఈరోజు నుంచి అనాటమీ హాల్లో మాకు విడిగా క్లాసు. అయిదుగురం పోతున్నాం. మేడం రిజిస్టరులో మా పేర్లు ఎర్ర సిరాతో రాసి, "ఇప్పుడు ఎవురడిగినా నేను చెప్పుకోగలను. కత్తి పట్టుకో" అన్నారు.

జెస్సీ


పులివెందుల,
డిసెంబరు 4.

మామకు వందనాలు.

పాసయ్యాను. ఈసారి ఆ మాట నేనే అంటున్నాను.

అనాటమీలో నూటికి డెబ్బై ఒకటి. కాలేజీలో నాలుగో స్థానం. అవినాష్ బొటాబొటీగా గట్టెక్కాడు, అయినా గట్టెక్కాడు. మా అయిదుగురిలో ఒక అమ్మాయి మళ్ళీ తప్పింది, ఆమెకు రోజూ సాయంత్రం నేను చెబుతున్నాను. అప్పీలుకు పోయిన ఆరుగురి కేసు ఇంకా నడుస్తోంది. వాళ్ళకూ త్వరగా తేలిపోవాలని ఉంది, ఎవరి మీదా నాకు కోపం లేదు.

నవ్వొచ్చే సంగతి ఒకటి. ఏడాదంతా చేతి నరాలు ఒక్కొక్కటీ నిద్రలో కూడా చెప్పేటట్లు చదివానా, మౌఖిక పరీక్షలో ఆయన చేతి ఊసే ఎత్తలేదు. మోకాలు అడిగారు. అదీ చెప్పాను.

అమ్మకు ఫోను చేస్తే డ్యూటీలో ఉంది. "మార్కుల కాగితం ఫొటో పంపు, చూసి నమ్ముతా" అంది. పంపాను. తర్వాత వార్డులో నర్సులందరూ నిలబడి దిగిన ఫొటో ఒకటి వచ్చింది. మధ్యలో అమ్మ.

జెస్సీ


ప్రొద్దుటూరు,
డిసెంబరు 11.

డాక్టరు కాబోతున్న జెస్సీకి మామ దీవెనలు.

నీ ఉత్తరం అందిన రోజు సాయంత్రం జేబులో పెట్టుకొని టీ అంగడికి పోయాను. నాతో పాటు థర్మల్‌లో చేసి రిటైరయిన ఫోర్‌మన్ ఒకాయన అక్కడ కూర్చొని ఉన్నాడు. మంచివాడే, నోరే కొంచెం పెద్దది. నాకు వినపడాలని నా ముఖం ముందుకు వచ్చి, అంగడంతా అదిరేటట్లు అడిగాడట. నేను పెదవులు చూసి అర్థం చేసుకున్నాను.

"మీ మేనకోడలు ఒగ సమ్మచ్చరం ఫెయిలంట గదప్పా? కోర్టుకు గూడా పోయిందంట. నిజమేనా?"

బెంచీల మీద వాళ్ళందరూ నా వైపు తిరిగారు. రెండేళ్ళ కిందట అయితే నేను మాట మార్చి టీ తాగి వచ్చేవాడినేమో. గ్లాసు కింద పెట్టి చెప్పాను.

"నిజమే. ఫెయిలయింది. కోర్టుకు పోయి, పైకి పంపొద్దు, పాఠం చెప్పమని అడుక్కోనొచ్చింది. అందరూ ఒగసారి చదివేది మా పాప రెండుసార్లు చదివింది. రేపు నీకు చెయ్యో కాలో విరిగితే ఆ యమ్మి దగ్గరికే పో."

నాకు వినపడదు కదా, ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియదు. రోడ్డుకు అవతల బంగారు అంగళ్ళ వాళ్ళు కూడా లేచి బయటికి వచ్చి చూశారు. కాబట్టి బాగానే అని ఉంటాను.

మామ